పద్నాలుగో పేజీలో అమ్మ

జనవరి 11

బుడంకాయ్,

నీ ఉత్తరం అందింది. ఉద్యోగం వచ్చిందన్న మాట దాకా నిలబడి చదివాను, తర్వాత కూర్చున్నాను. కూర్చుని మళ్లీ మొదటి నుంచి చదివాను. నా ఐదో తరగతి చదువుకి ఏ ఉత్తరమైనా రెండుసార్లు చదివితే గానీ లోపలికి దిగదు. మీ నాన్న ఉంటే ఒక్కసారి చదివి, అంతా అర్థమైపోయిందనుకుని, వీధి చివరిదాకా వెళ్లి అందరికీ తప్పుగా చెప్పి వచ్చేవాడు. ఇప్పుడు తప్పుగా చెప్పేవాళ్లు కూడా లేరు ఇంట్లో.

మీ బాబాయికి నేనే వెళ్లి చెప్పాను. తన కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు తుడుస్తూ ఉన్నాడు, తుడవడం ఆపలేదు. "వాషింగ్ మెషిన్ల దగ్గర భాషలతో పనేంటి వదినా, మెషిన్ తో మాట్లాడుతుందా?" అన్నాడు. తర్వాత వేళ్లు ముడుచుకుంటూ లెక్క చెప్పాడు. డిగ్రీ చేతికొచ్చి ఏడాదిన్నర. ముందు హోటల్లో కౌంటర్ దగ్గర నిలబడి నవ్వే పని. తర్వాత ఫోన్ల కంపెనీలో, ఎవరో చేసిన తప్పుకి మూడు భాషల్లో క్షమాపణ చెప్పే పని. ఆ తర్వాత యాత్రికుల బస్సులో మైకు పట్టుకునే పని, తీరా బస్సులో ఎక్కినవాళ్లందరూ మన భాషవాళ్లే. ఇది నాలుగోది. "ఆరు నెలల్లో పర్మనెంటు చేయకపోతే పిల్లని తీసుకొచ్చి నా కౌంటర్లో కూర్చోబెడతాను, బయటివాళ్లమా ఏంటి" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాడు, నీకూ తెలుసు. కానీ ఆ కౌంటర్ సంగతి నాకు తెలుసు. అక్కడ కూర్చున్నవాళ్లు జీవితాంతం ఒకటే ప్రశ్న అడుగుతారు, ఇది బాగా కనబడుతోందా, అది బాగా కనబడుతోందా అని.

మీ నాన్న నిన్ను ఆ చదువుకి ఎందుకు పంపాడో గుర్తుందిగా. బోర్డులు రాసేవాడికి అన్ని అక్షరాలూ చేతిలోంచి వస్తాయి, ఒక్కటీ నోట్లోకి రాదు. ఎవరో కాగితం మీద ఇచ్చిన పరాయి అక్షరాలు అచ్చం అలాగే దింపి, దుకాణం నెత్తిన పెట్టాడు. ఒకరోజు ఆ దేశంవాడెవడో దాని కింద నిలబడి పొట్ట పట్టుకుని నవ్వాడట. ఎందుకో చెప్పగలిగినవాళ్లు వీధిలో ఒక్కరూ లేరు. ఆ రాత్రి ఆయన అన్నాడు, మన ఇంట్లో ఒక్కరికైనా ఇది చదవడం రావాలి అని. నువ్వు రెండో ఏడు చదువుతుండగా వచ్చి చదివి చెప్పావు, అది 'నమూనా' అని. తొమ్మిదేళ్లు ఆ దుకాణం పేరు నమూనా.

అందుకని నువ్వు ఆ కౌంటర్లో కూర్చోకూడదు. నాకు కావలసింది ఇదొక్కటే. నా గురించి బెంగ పెట్టుకోకు. ఆయన పోయి ఏడు నెలలైంది, అలవాటైంది.

ఇంతకీ అక్కడ నువ్వు చేసేది ఏంటి? నాకు అర్థమయ్యేలా రాయి.

మీ అమ్మ


జనవరి 24

అమ్మా,

మా కంపెనీ మెషిన్లు చేయదు. మెషిన్ కొంటే పెట్టెలో ఒక పుస్తకం వస్తుంది చూడు, ఎవరూ తెరవనిది, అది మేం చేస్తాం. మన భాషలో రాసిన పుస్తకం నాకిస్తారు. నేను దాన్ని పరాయి భాషలోకి మారుస్తాను. మార్చిన కాగితాన్ని గోడలో ఉన్న కన్నంలోంచి పక్కగదిలోకి తోస్తాను. పక్కగదివాళ్లు మొదటి పుస్తకం చూడకుండా, నా కాగితాన్ని మళ్లీ మన భాషలోకి మారుస్తారు. అప్పుడు రెండూ మా పై అధికారి దగ్గరికి వెళ్తాయి. మొదటిదీ తిరిగొచ్చిందీ పక్కపక్కన పెట్టుకుని, ప్రతి వరస కిందా స్కేలు జరుపుకుంటూ చూస్తాడు. అందుకే నేను ఆయనకి స్కేలు సారు అని పేరు పెట్టుకున్నాను. రెండూ ఒకటేలా ఉంటే నా పని సరిగ్గా ఉన్నట్టు. ఆయనకి పరాయి భాష ఒక్క ముక్క రాదు. రాదు కాబట్టే ఆ కుర్చీలో కూర్చోబెట్టారట. వస్తే ఎవరో ఒకరి పక్షం వహిస్తాడని.

నేనూ పక్కగదివాళ్లూ కలుసుకోకూడదు. కలిస్తే కూడబలుక్కుంటామని భయం. వాళ్లకి వేరే తలుపు, వేరే మెట్లు, భోజనం వేళ కూడా వేరు. ఎవరున్నారో నాకు తెలియదు. అప్పుడప్పుడు దగ్గు వినబడుతుంది, అంతే.

ఇంకో నియమం. మొదటి కాగితాల మీద స్కేలు సారు 'అసలు' అని నీలం ముద్ర వేస్తాడు. ఆ ముద్ర పడ్డాక అందులో ఒక్క మాట తీయడానికీ చేర్చడానికీ లేదు, రాసిన మనిషి సంతకం పెట్టి ఒప్పుకుంటే తప్ప.

నా చిక్కు వేరే ఉంది. పుస్తకంలో 'బట్టలను వాటి స్వభావాన్ని బట్టి వేరు చేయవలెను' అని ఉంది. బట్టలకి స్వభావం ఏంటమ్మా? హాస్టల్లో చేత్తోనే ఉతుక్కున్నాను, ఇంట్లో నువ్వు చెయ్యి పెట్టనివ్వలేదు. ఇరవై రెండేళ్లుగా ఆసుపత్రి లాండ్రీలో ఉన్నదానివి, నువ్వే చెప్పాలి. ఏ పని తర్వాత ఏది, ఎందుకు, అన్నీ రాయి.

ఇంకొకటి. నువ్వెలా ఉన్నావు? నిజం చెప్పు. నువ్వు బాగాలేవని తెలిస్తే నేనీ ఉద్యోగం వదిలి వచ్చేస్తాను. నా పెట్టె ఇంకా పూర్తిగా విప్పలేదు.

నీ బుడంకాయ


ఫిబ్రవరి 8

బుడంకాయ్,

మొదట జేబులు చూడాలి. ఎవరూ జేబులు చూడరు, అక్కడే కొంప మునుగుతుంది. మా లాండ్రీలో డాక్టర్ల కోటు జేబుల్లోంచి తీసినవాటితో నేనొక చిన్న దుకాణం పెట్టుకోవచ్చు. మీ నాన్న చొక్కా జేబులో ఎప్పుడూ బ్రష్షు ఉండేది, ఒక్కోసారి తడిదే.

జేబుల తర్వాత మరకలు. మరకని అడగాలి, నువ్వు దేనివి అని. రక్తమైతే చన్నీళ్లు, వేడినీళ్లు తగిలిందా ఇక అది ఆ దుప్పటితోనే కాటికెళ్తుంది. నూనె మరకైతే వేడినీళ్లు. పెయింటు మరక పోదు, దాంతో స్నేహం చేసుకోవాలి. స్వభావం అంటే ఇదే అనుకుంటాను. ఒకటి వదిలేస్తుంది, ఒకటి పట్టుకుంటుంది. రంగు వదిలేదాన్నీ రంగు పట్టుకునేదాన్నీ ఒకచోట వేయకూడదు. డ్రమ్ము నిండా కుక్కకూడదు, నీ చెయ్యి లోపల తిరిగేంత చోటు ఉండాలి. తలుపు మూశాక చెవి పెట్టి వినాలి, చిన్నగా టిక్కుమంటుంది. టిక్కుమనకపోతే మెషిన్ కింద బకెట్టు పెట్టుకోవాలి.

ఇక్కడి సంగతులు. కింది వాటావాళ్ల కుక్క బాగా లావెక్కింది. పశువుల డాక్టరుకి చూపిస్తే, ఎవరో రోజూ దీనికి భోజనం పెడుతున్నారు అన్నాడట. వచ్చి నా వైపు చూశారు. నేను గోడ వైపు చూశాను. లాండ్రీలో మా పెద్దావిడ నాకు కొత్త కోటు ఇచ్చింది, పాతదానికంటే రెండు సైజులు చిన్నది. అందులో నేను పడుచుపిల్లలా ఉన్నానని అందరూ అన్నారు, ఆవిడ ఒక్కతీ అనలేదు. నా ఉంగరం మూడుసార్లు డ్రమ్ములో జారిపోయింది, ఇప్పుడు దారం చుట్టి పెట్టుకుంటున్నాను. వంటకి కొలత మాత్రం ఇంకా ఇద్దరిదే పడుతోంది, చేతికి ఎవరూ చెప్పలేదు కదా. కంచాలు కూడా రెండు పెట్టేస్తున్నాను. మంచిదేలే, రెండూ తోమి పెట్టుకుంటే శుభ్రంగా ఉంటాయి.

నేను సుబ్బరంగా తింటున్నాను. నువ్వు పెట్టె విప్పుకో.

మీ అమ్మ


ఫిబ్రవరి 27

అమ్మా,

ఒక ఘోరం జరిగింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ కొంచెం కొంచెం చేశాను.

పుస్తకంలో పద్నాలుగో పేజీ రాలేదు. పదమూడు ఉంది, పదిహేను ఉంది, మధ్యలోది ఎవరో రాయడం మర్చిపోయారు. నీ ఉత్తరం చూసుకుంటూ పని చేద్దామని బల్ల మీద పెట్టుకున్నాను. నేను మంచినీళ్లకి వెళ్లొచ్చేలోగా స్కేలు సారు వచ్చి బల్ల మీది కాగితాలన్నీ ఎత్తి, వరసగా ముద్రలు వేసుకుంటూ పోయాడు. నీ ఉత్తరం మీద కూడా. 'బుడంకాయ్' అన్న మాట పక్కనే నీలం రంగులో 'అసలు' అని ఉంది.

సార్, ఇది మా అమ్మ ఉత్తరం అన్నాను. ఆయన కూర్చుని స్కేలు పెట్టి అంతా చదివాడు. బట్టలు ఉతకడం గురించే కదా అన్నాడు. మొదటి సగం అవునన్నాను. అయితే ఇది పద్నాలుగో పేజీ అన్నాడు. మరి కుక్క, కోటు, ఉంగరం సార్ అన్నాను. "ప్రతి పేజీలోనూ కొంత అనవసరం ఉంటుందమ్మా, నేను పదిహేడేళ్లుగా చూస్తున్నాను" అన్నాడు.

ముద్ర పడింది కాబట్టి మార్చక తప్పలేదు. రెండు రోజులు కూర్చుని నీ ఉత్తరమంతా పరాయి భాషలోకి మార్చాను. మరకని అడగడం బాగానే వచ్చింది. నువ్వు గోడ వైపు చూడటం దగ్గర ఒక పూట పట్టింది. సాయంత్రం కన్నంలోంచి తోశాను. ఆ రోజు పక్కగదిలో దగ్గు ఆగిపోయింది.

నీ బుడంకాయ


మార్చి 10

బుడంకాయ్,

నా వంటింటి సంగతులు ఊరూరా పంచడానికా నిన్ను అన్ని భాషలు చదివించింది? కింది వాటావాళ్లు ఆ మెషినే కొంటే నా గతి ఏంటి? పద్నాలుగో పేజీ తీసేసరికి వాళ్ల కుక్క. నేనిక ఏ గోడ వైపు చూడాలి?

రెండు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. మూడో రోజు దుప్పట్లు మడత పెడుతుంటే ఒక ఆలోచన వచ్చింది. ఆ పక్కగది అబ్బాయి. బట్టలు ఉతకడం గురించి అంత శ్రద్ధగా చదివి, దగ్గు కూడా ఆపుకున్నాడంటే, మంచి పెంపకం అయ్యుండాలి. నోరు మెదపడు. వేళకి వస్తాడు, వేళకి పోతాడు. నువ్వు రాసింది చదివి నీ మనసులో ఏముందో చెప్పడమే అతని పని. మీ నాన్నకి నేను ముప్ఫై ఏళ్లు ఎదురుగా కూర్చుని చెప్పినా అది రాలేదు. అతను ఏం చదివాడు? వయసెంత? నియమం ప్రకారం కలుసుకోకూడదంటున్నావు, పెళ్లికి అది అడ్డమేమీ కాదు, మా రోజుల్లో మేమూ ముందు కలుసుకోలేదు.

ఈ ఉత్తరం కూడా ఎలాగూ మీ స్కేలు సారు చేతిలో పడుతుంది కాబట్టి, కింద అతనికే రెండు ముక్కలు రాస్తున్నాను. ఉన్నదున్నట్టు మార్చి పంపు, సిగ్గుపడి మింగేయకు.

బాబూ, ఆ దగ్గుకి వేడినీళ్లు తాగు. మీ అమ్మానాన్నలు ఎక్కడ ఉంటారు? మాది చిన్న కుటుంబం. పిల్ల నిదానస్తురాలు, కాస్త మొండి. నీ అభిప్రాయం తెలియజెయ్యి.

మీ అమ్మ


ఏప్రిల్ 2

అమ్మా,

నీ మొన్నటి ఉత్తరం మీద కూడా ముద్ర పడింది, స్కేలు సారు దాన్ని పదిహేనో పేజీ వెనక చేర్చాడు. 'వినియోగదారులకు సూచనలు' అని పైన రాశాడు. ఇప్పుడు ఆఫీసులో నిన్ను రచయిత్రిగారు అంటున్నారు. రచయిత్రిగారి దగ్గర్నుంచి ఏమైనా వచ్చిందా అని స్కేలు సారు ప్రతి సోమవారం అడుగుతున్నాడు.

కానీ అసలు విషయం అది కాదు. పద్నాలుగో పేజీ పక్కగది నుంచి తిరిగొచ్చింది. జేబులు సరిపోయాయి, మరకలు సరిపోయాయి, కుక్క, కోటు, ఉంగరం, రెండు కంచాలు, అన్నీ మాటకి మాట సరిపోయాయి. ఒక్క వాక్యం దగ్గర స్కేలు ఆగిపోయింది. 'నేను సుబ్బరంగా తింటున్నాను' అని నువ్వు రాశావు. పక్కగది నుంచి వచ్చిన కాగితంలో 'నేను తినడం లేదు' అని ఉంది.

నాదే తప్పేమో అని మూడుసార్లు చూసుకున్నాను. నేను నువ్వు రాసినట్టే మార్చాను. స్కేలు సారు సంజాయిషీ అడిగితే కన్నంలోంచి ఒక చీటీ వచ్చింది. 'ఈ వాక్యం మిగతా పేజీతో పొసగడం లేదు. ఉంగరం జారుతోంది, కోటు తగ్గింది, కుక్క పెరిగింది. అందుకని సరిచేశాను.' అంతే, కింద పక్కగది అని ఉంది.

రెండూ సరిపోలేదు కాబట్టి పుస్తకం ఆగిపోయింది. పుస్తకం లేకుండా పెట్టెలు మూయకూడదట, అందుకని నాలుగు వేల మెషిన్లు గోదాములో మూతలు తెరుచుకుని నిలబడి ఉన్నాయి.

నాకు వాటి బాధ లేదు. చదవడానికే డిగ్రీ తీసుకున్నదాన్ని, నీ ఉత్తరం పదిసార్లు చదివాను. బస్సులో చదివాను, పడుకుని చదివాను, చివరికి ఒక్కో మాటా మార్చి రాశాను. నాకు కనబడలేదు. ముఖం తెలియని మనిషికి ఒక్కసారికే కనబడింది.

పక్కగది చెప్పింది నిజమా అమ్మా?

నీ బుడంకాయ


ఏప్రిల్ 14

బుడంకాయ్,

ఆ సంబంధం వద్దు. పెళ్లి కాకముందే అత్తగారి మాట దిద్దేవాడు, అయ్యాక నోరు తెరవనిస్తాడా? మీ బాబాయికి అనవసరంగా చెప్పాను. ఆయన అప్పుడే అబ్బాయికి చూపు ఎలా ఉంటుందో కనుక్కోమన్నాడు, అన్ని కాగితాలు చదివేవాడికి అద్దాలు తన తరఫున అని ఫ్రేము కూడా తీసి పక్కన పెట్టాడు. ఇప్పుడు వెళ్లి ఏమని చెప్పను, అబ్బాయికి చూపు మరీ ఎక్కువని చెప్పనా?

నేను తింటున్నాను. ఎవరో గోడ అవతల కూర్చుని, నేను తింటున్నానో లేదో తేల్చడం ఏంటి? నా నోరు, నా కంచం. నిన్న కూడా తిన్నాను. ఏం తిన్నానో చప్పున గుర్తు రావడం లేదు గానీ తిన్నాను. కుక్కకి పెట్టింది మిగిలితే పెట్టాను. మిగలకుండా వండటం ఎవరివల్ల అవుతుంది?

నేను రాసింది రాసినట్టు మార్చమని ఆ మనిషితో చెప్పు. అందుకేగా కూర్చోబెట్టింది. దీని మూలంగా నీ పర్మనెంటు ఆగితే ఊరుకోను. పెట్టె సర్దుకుని వస్తానని మాత్రం రాయకు, అలాంటి ఉత్తరం వస్తే నేను తెరవను.

మా లాండ్రీ పెద్దావిడ నేను డ్రైయరు దగ్గర నిలబడి నీ ఉత్తరం చదవడం చూసి, పిల్ల బాగుందా అని అడిగింది. బాగుంది, పెద్ద ఆఫీసులో చేస్తోంది, అక్కడ నన్ను రచయిత్రి అంటున్నారని చెప్పాను. ఆవిడ నా కోటు వైపు చూసి వెళ్లిపోయింది.

మీ అమ్మ


మే 5

అమ్మా,

ఈ ఉత్తరం తెరిచి తీరాలి. ఇందులో ఒక ఫారం ఉంది.

ముందు నీ పెళ్లికొడుకు సంగతి. నువ్వు బాబుకి రాసిన ముక్కలకి జవాబు వచ్చింది, కన్నంలోంచే, నేను మళ్లీ ఇటు మార్చుకునేలా పరాయి భాషలో. 'సంబంధం అడిగినందుకు సంతోషం. నాకు అరవై ఎనిమిదేళ్లు. తుంటి ఎముక బాగాలేదు. ఈ గదిలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఉన్నాను. పిల్లని చూడలేదు గానీ రాత చూశాను, నచ్చింది. నేను ఆడదాన్ని కావడం ఒక్కటే అభ్యంతరం.' దాని కింద ఇంకో రెండు వాక్యాలు ఉన్నాయి. 'మావారు పోయిన ఏడు నేను కూడా మా అబ్బాయికి ఇలాగే ఉత్తరాలు రాశాను. వాటిని ఎవరూ సరిచూడలేదు.'

ఇక ఫారం. అందులో రెండు గడులు ఉంటాయి. మొదటి గడిలో సంతకం పెడితే నువ్వు రాసిందే నిజం, పక్కగదిది తప్పు. ఆవిడకి వచ్చే డిసెంబరుతో పని పూర్తవుతుంది, ఈలోగా తప్పు పడితే అప్పుడే పంపేస్తారు. రెండో గడిలో సంతకం పెడితే ఆవిడ రాసింది నిజం, నువ్వు నీ వాక్యం మార్చుకుంటున్నావు. అప్పుడు రెండు కాగితాలూ సరిపోతాయి, పుస్తకం అచ్చుకి వెళ్తుంది, జూన్ నెలాఖరుకి నాకు పర్మనెంటు. ఎవరైనా ఒకరు సాక్షి సంతకం కూడా పెట్టాలి. ఈ నెలాఖరులోగా ఫారం రాకపోతే రెండు గదులూ మూసేస్తామన్నారు.

నా ఉద్యోగం కోసం లెక్కేసుకుని ఏ గడీ నింపకు. ఏది నిజమో అది రాయి. ఒకటి మాత్రం చెప్తున్నాను, మొండిదాన్ని అని నువ్వే రాశావు కదా. రెండో గడిలో నీ సంతకం చూసిన రోజున, పర్మనెంటు కాగితం వాళ్ల బల్ల మీదే వదిలేసి ఇంటికి వచ్చేస్తాను. తినని అమ్మని అక్కడ వదిలేసి, ఇక్కడ మెషిన్ తలుపు ఎలా మూయాలో నాలుగు దేశాలకి చెప్పలేను. పెట్టె సర్దాను.

నీ బుడంకాయ


మే 19

బుడంకాయ్,

ఫారం ఐదు రోజులు అలమరలో పెట్టాను. ఆరో రోజు తీసి బల్ల మీద పెట్టి, దాని ఎదురుగా కూర్చున్నాను. ఎదురుగా కూర్చోవడానికి ఇంట్లో ఇప్పుడు అదే ఉంది.

మొదటి గడిలోనే పెడదామనుకున్నాను. నువ్వు అక్కడే ఉంటావు, నేను ఇక్కడే ఉంటాను, ఎవరికీ ఏమీ తెలియదు. కలం కూడా పెట్టాను. అప్పుడు మీ పక్కగది ఆవిడ గుర్తొచ్చింది, తుంటి నొప్పితో వేరే మెట్లు ఎక్కి వచ్చే ఆవిడ. ఇరవై రెండేళ్లుగా నేను ఊళ్లోవాళ్ల మరకలన్నీ ఉతుకుతున్నాను. నా మరక తీసుకెళ్లి ఇంకొకరి బట్టకి అంటించి, తెలియనట్టు ఊరుకోవడం నాకు చేతకాలేదు.

అందుకని రెండో గడిలో సంతకం పెట్టాను. చూడు, వంకరగా ఉన్నా నాదే.

నేను తినడం లేదమ్మా. మీ నాన్న పోయినప్పటి నుంచి తినలేదు. వండుతాను, ఇద్దరికీ వడ్డిస్తాను, కూర్చుంటాను. మూడు ముద్దలు బాగానే దిగుతాయి. నాలుగోది నోట్లో పెట్టుకునేసరికి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉందని తెలుస్తుంది. ఆయన తింటున్నంతసేపూ వాగేవాడు కదా. ఫలానావాడు అలా అన్నాడు, ఫలానా చోట ఇలా జరిగింది, అన్నీ తప్పులే. నేను నములుతూ సరిచేసేదాన్ని. సరిచేయడంలో పడి ఎంత తిన్నానో నాకే తెలిసేది కాదు. ఇప్పుడు నమిలే చప్పుడు నాకే వినబడుతుంది. రెండు కంచాలూ ఎత్తి కిందికి తీసుకెళ్తాను. కుక్క ఏమీ మాట్లాడదు గానీ తింటుంది.

ఇది నీకు రాయకూడదనే అన్ని ఉత్తరాలు రాశాను. నువ్వు వస్తావని భయం. వస్తే ఇక వెళ్లవని భయం.

సాక్షి సంతకానికి మా లాండ్రీ పెద్దావిడ దగ్గరికి వెళ్లాను. ఆవిడ సంగతి నీకు చెప్పానుగా, దుప్పటి మడతలో వేలెడు తేడా వచ్చినా విప్పి మళ్లీ వేయిస్తుంది. ఫారం అంతా చదివింది. "చూడని దానికి నేను సంతకం పెట్టను" అంది. ఏం చూడాలి అన్నాను. "నువ్వు తినకపోవడం చూడాలి. కూర్చో" అంది.

మడతల గదిలో ఉతికిన దుప్పట్ల కుప్ప మీద కూర్చోబెట్టి తన డబ్బా విప్పింది. సగం మూతలోకి తీసి నా ముందు పెట్టింది. నేను తినకపోవడం చూడ్డానికి ఎదురుగా కూర్చుంది. ఊరికే చూస్తూ ఎంతసేపు కూర్చుంటుంది పాపం, మాటలు మొదలుపెట్టింది. వాళ్ల అల్లుడి గురించి. అతను ఇల్లు మారాడట, పాత ఇంట్లో గోడకి కొట్టిన మేకులన్నీ పీక్కుని తీసుకెళ్లాడట, ఒక్కోదాన్ని సుత్తితో తిన్నగా చేస్తున్నాడట. ఎన్ని మేకులో, ఏ గదిలో ఎన్నో, అన్నీ చెప్పింది. లెక్క తప్పింది. హాల్లో పదకొండు, వంటింట్లో ఆరు, కలిపి పద్ధెనిమిది అంది. పదిహేడు కదా అన్నాను. అలా అనడానికి నోట్లోది మింగాల్సి వచ్చింది. మళ్లీ మొదటి నుంచి చెప్పింది. పడకగది దగ్గరికి వచ్చేసరికి మూత ఖాళీ అయింది.

నాకు ఏడుపు వచ్చింది. ఆవిడ ఉతికిన దుప్పటి ఒకటి అంచు చూసి ఇచ్చింది. నేను ముక్కు తుడుచుకున్నాక దాన్ని మళ్లీ ఉతుకుడు బుట్టలో వేసింది.

తర్వాత సాక్షి అన్నచోట సంతకం పెట్టి, పక్కన తన చేత్తో రాసింది. 'ఇవాళ తిన్నది. నేను చూశాను.' రెండో గడిలో తినడం లేదని నేను సంతకం పెడితే, పక్కన ఇలా రాస్తే ఫారం పాడవుతుంది కదా అని ఆవిడతో అన్నాను. ఆ రోజు సంగతి నువ్వు రాశావు, ఈ రోజు సంగతి నేను రాశాను, రెండూ నిజమే, చేతనైతే మీ స్కేలు సారుని సరిచూసుకోమను అంది. అలాగే పంపుతున్నాను.

ఇప్పుడు నా మాట విను. ఇవాళ్టికి ఆరు రోజులు. రోజూ మధ్యాహ్నం ఆవిడ ఎదురుగా కూర్చుంటోంది. అల్లుడు అయిపోయాడు, ఇప్పుడు తోడికోడలు నడుస్తోంది. ఆవిడ తోడికోడళ్లు నలుగురు. ఇంట్లో రాత్రిపూట ఇంకా కష్టంగానే ఉంది, అబద్ధం చెప్పను. నాలుగో ముద్ద దగ్గర ఆగుతాను. ఆగి, మీ నాన్న అయితే ఈ మేకుల కథ ఎంత తప్పుగా చెప్పేవాడో అనుకుంటాను. ఐదో ముద్ద పడుతుంది. ఒక్కోరోజు ఆరోది కూడా. కుక్క నా మీద అలిగింది.

నువ్వు రాకు. నువ్వు వచ్చి ఎదురుగా కూర్చుంటే తింటాను, నిజమే. కానీ నువ్వు ఆ కౌంటర్లో కూర్చున్న రోజున ఆ తిన్నదీ ఒంటికి పట్టదు. నాకు ఎదురుగా కూర్చునేవాళ్లు ఇక్కడ దొరికారు. మీ పక్కగది ఆవిడ డిసెంబరులో వెళ్లిపోతే ఆ గదిలోకి ఇంకెవరో వస్తారు. మొదటి గదిలో మాత్రం ఉత్తరం పదిసార్లు చదివే మనిషి ఉండాలి. నీకు కనబడలేదని ఏడవకు. నేను నీకు కనబడకూడదనే రాశాను, అందులో నాకు మంచి చెయ్యి ఉంది. సెలవు పెట్టి నాలుగు రోజులు చూసి వెళ్లు, వద్దనను. పర్మనెంటు కాగితం చేతిలో పట్టుకుని రా. పెట్టె మాత్రం పూర్తిగా విప్పుకో. అడుగున ఉన్నవి కూడా తీసి బయట పెట్టు, ముందు జేబులు చూసి ఉతుకు.

మీ బాబాయికి పెళ్లికొడుకు అరవై ఎనిమిదేళ్ల ఆవిడ అని చెప్పాను. పక్కన పెట్టిన ఫ్రేము మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. అయితే దగ్గరి చూపుకి వేరే, దూరపు చూపుకి వేరే అద్దాలు కావాలి వదినా అన్నాడు.

ఈ ఉత్తరం మీద కూడా ముద్ర పడుతుందని తెలుసు, పడనీ. పక్కగది అక్కగారూ, మీరు రాసిందే సరి. మీ అబ్బాయికి ఆ ఉత్తరాలు అప్పట్లో మీలాంటివాళ్లు చదివి పెట్టలేదు, దానికి నేనేం చేయలేను. మీకు ఎదురుగా ఎవరైనా కూర్చుంటున్నారా? లేకపోతే రాయండి, మా పెద్దావిడకి చెప్పడానికి ఇంకా ముగ్గురు తోడికోడళ్లు మిగిలి ఉన్నారు, ఉత్తరంలో రాసి పంపమంటాను.

ఉంటానమ్మా. మీ అమ్మని.

వేళకి కడుపు నిండా అన్నం తిను.